అనుమానం చెల్లని మనిషి

నా ఫోన్లో నా కూతురి ఫోటోల కంటే గ్యాస్ పొయ్యి ఫోటోలే ఎక్కువ. అన్నీ ఒకేలా ఉంటాయి. ఆపేసిన నాబులు, ఖాళీ బర్నరు, పక్కన ఆ రోజు తెచ్చిన రొట్టె. రొట్టె ఎందుకంటే, అది ఇవాళ్టి ఫోటోనో నిన్నటిదో తెలియడానికి. తేదీ, టైము ఫోనే రాసుకుంటుందని నాకు తెలియదనుకునేరు. తెలుసు. తెలివితో పోయే గొడవైతే ఎప్పుడో పోయేది.

నేను ఖైరవాన్ పట్నంలో, తోలు బజారు వెనక సందులో, పెళ్ళికూతుళ్ళకు జుట్టు ముస్తాబు చేసే దుకాణం నడుపుతాను. పేరు జలీలా. ఒక పెళ్ళికూతురి జుట్టు సగం చుట్టి, సగం విరబోసి ఉండగా, బాత్రూమ్‌కని చెప్పి వెనక్కి వెళ్ళి పొయ్యి ఫోటో చూసుకుని వస్తాను. కాసేపు ప్రాణం కుదుటపడుతుంది. ఆ తర్వాత, ఫోటో తీశాక మళ్ళీ నాబు ముట్టుకున్నానేమోనని మొదలవుతుంది. దుకాణానికి వచ్చేవాళ్ళెవరికీ ఈ సంగతి తెలియదు. మా ఆయన హష్మీకి మాత్రం తెలుసు. ఆయన సముద్రం ఒడ్డునున్న సూసాకి షేర్ టాక్సీ నడుపుతాడు, నోరు ఊరుకోదు.

"ఆ పొయ్యికి తీసినన్ని ఫోటోలు మన పెళ్ళికి తీయించలేదు కదే" అంటాడు.

"పెళ్ళి ఆగిపోతుందన్న భయం నాకు లేదు మరి" అంటాను నేను.

మేము ఉండేది మా అమ్మ మన్నూబియా ఇంట్లో. హష్మీ ఇల్లరికపు అల్లుడు. వీధిలో అమ్మను లల్లా మన్నూబియా అని గౌరవంగా పిలుస్తారు. ఆ గౌరవమంతా ఆవిడ శుభ్రతకు దక్కింది. గోధుమరవ్వను గింజలుగా కట్టి అమ్మ చేసే కుస్కుస్‌లో రాయి ఉండదు, వెంట్రుక ఉండదు. వేసవిలో ఏడాదికి సరిపడా కుస్కుస్ చేసి ఎండబెట్టే రోజులు వచ్చాయంటే, చుట్టుపక్కల ఆడవాళ్ళు రవ్వ మూటలు పట్టుకుని మా డాబా మీదికే వస్తారు. లల్లా మన్నూబియా చెయ్యి పడితే ఆ రవ్వకు పుణ్యం వస్తుందంటారు.

ఆ చెయ్యి ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూసినవాళ్ళు తక్కువ. మడమ పగిలినట్టు అరచెయ్యంతా పగిలి ఉంటుంది. నమాజుకు ముందు ముఖం, కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూ అమ్మ మొదలుపెడితే, మసీదులో నమాజు అయిపోయి మగవాళ్ళు ఇళ్ళకు చేరినా కుళాయి దగ్గర్నుంచి లేవదు. మోచేతి దాకా తడిసిందా, మడమ తడిసిందా, మధ్యలో ఏమైనా భంగమైందా. మళ్ళీ మొదటి నుంచి. ముంగిట్లో నేల కింద ఉన్న వాననీళ్ళ తొట్టి మా ఇంట్లోనే అందరికంటే ముందు ఎండిపోతుంది. చిన్నప్పుడు నేనడిగితే ఒకటే మాట చెప్పేది.

"అనుమానం వస్తే వజూ పోయినట్టేనే. మన మాలికీ శాఖ ధర్మం అదే. నేను కల్పించింది కాదు."

అది నిజమే. మా ఊరి మసీదుల్లో చెప్పే పాఠమూ అదే. అందుకే అమ్మను ఎవరూ ఏమీ అనలేదు. పైగా మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

నా కూతురు యుస్రాకు ఎనిమిదేళ్ళు నిండి తొమ్మిది నడుస్తోంది. ఆ పేరుకు సులువు అని అర్థం. ఆ పిల్ల పుట్టినప్పుడు కాన్పు తేలిగ్గా అయిందని అమ్మే పెట్టింది. ఇప్పుడు ఆ పేరు తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

వసంతంలో ఒకరోజు యుస్రా రొట్టె తుంచి అమ్మమ్మకు పెట్టింది. మర్నాడు అమ్మకు వాంతులు పట్టుకున్నాయి. ఆసుపత్రిలో చేర్చాం. రొట్టె వల్ల కాదు, బజారులో కొన్న గుడ్డు వల్లనని అక్కడ చెప్పారు. కానీ పక్కింటి శాద్లియా పరామర్శకు వచ్చి, మా గుమ్మంలో నిలబడి, "పిల్లలు ఎక్కడెక్కడ చేతులు పెడతారో ఏమో, ఆ చేతుల్తోనే పెట్టేస్తారు" అనేసి పోయింది. శాద్లియా మంచిదే. ఆమె నోటికే అడ్డూ ఆపూ ఉండదు. తలుపు వెనక నిలబడి యుస్రా ఆ మాట విన్నదని నాకు చాలా రోజుల వరకు తెలియదు.

ఆ వారం నుంచి పిల్ల చేతులు కడగడం మొదలుపెట్టింది. కడిగి, నా దగ్గరికి వచ్చి, అరచేతులు చాపి అడిగేది.

"అమ్మా, శుభ్రమేనా?"

"శుభ్రమే తల్లీ."

"అలా కాదు. నా వైపు చూసి చెప్పు."

చూసి చెప్పేదాన్ని. నా గొంతులో ఏదో తేడా వినిపించేది. మళ్ళీ కడిగి వచ్చేది. నేను దుకాణంలో ఉంటే వాళ్ళ నాన్నకు ఫోన్. ఆయన టాక్సీలో జనాన్ని ఎక్కించుకుని, సూసా రోడ్డు మీద, అందరూ వింటుండగా "శుభ్రమే బంగారం, శుభ్రమే" అని చెప్పాల్సి వచ్చేది. ఒకసారి వెనక సీట్లో ముసలాయన, "బాబూ, ఇంతకీ ఏది శుభ్రం?" అని అడిగాడట. పిల్లలకు వచ్చే గొడవకు సిగ్గుండదు. ఇంటిల్లిపాదినీ జీతం లేని నౌకర్లుగా పెట్టుకుంటుంది. నాది అలా కాదు. నాది దొంగలా బతుకుతుంది, ఫోన్ బోర్లా పెట్టుకుని.

మేం చేసిన తప్పు ఏమిటంటే, సంతోషించాం. "అమ్మమ్మ పోలిక" అన్నారు అందరూ. "ఈ వయసులోనే ఎంత శుద్ధి" అన్నారు. అమ్మ మురిసిపోయింది. తన చెంబు లాంటిదే ఒక చిన్న చెంబు కొనితెచ్చి మనవరాలికి ఇచ్చింది. వేళ్ళ సందులు ఎలా తోమాలో, నీళ్ళు మణికట్టు నుంచి ఎలా జారాలో పక్కన కూర్చుని నేర్పింది. అమ్మమ్మ నేర్పుతుంటే పిల్ల బుద్ధిగా నేర్చుకుంది. బడి మూసేనాటికి యుస్రా వేళ్ళ నుంచి రక్తం కారుతోంది. జుట్టు రంగులేసి పాడైన నా చేతులే దానికంటే నయం. చివరి నెల బడికి వెళ్ళనే లేదు. అక్కడి కుళాయి మురికిదట, తోటిపిల్లల చేతులు తగులుతాయట. సెప్టెంబరులో వెళ్ళకపోతే పేరు తీసేస్తామని హెడ్‌మాస్టరు హష్మీకి చెప్పి పంపాడు.

ఇక ఊరుకుంటే లాభం లేదని హష్మీ టాక్సీలోనే పిల్లను సూసా తీసుకెళ్ళాం. అక్కడ పిల్లల మనసు డాక్టరు ఒకావిడ ఉంది. నాకంటే చిన్నదే. యుస్రా చేతులు చూసింది గాని, అయ్యో అనలేదు. అది నాకు నచ్చింది. ఈ జబ్బును వస్వాస్ అంటారని చెప్పింది. ఆ మాట వింటే నాకు కొంచెం కోపమే వచ్చింది. మా ఊళ్ళో వస్వాస్ అంటే మనసులో సైతాను గుసగుస. మా పిల్లకు సైతానేమిటి?

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా ఇలాంటిది?" అని అడిగింది.

"లేదండీ" అన్నాను.

"అమ్మ పొయ్యికి ఫోటోలు తీస్తుంది" అంది యుస్రా. "పక్కన రొట్టె పెట్టి."

హష్మీ కిటికీ వైపు తిరిగి దగ్గాడు. డాక్టరు నవ్వలేదు. "మీ అమ్మగారు?" అని నన్నే అడిగింది.

"ఆవిడ చాలా శుభ్రమైన మనిషండీ" అన్నాను. ఆ మాట నోట్లోంచి వస్తుండగానే నాకు తెలిసిపోయింది. ఎవరికైనా తెలుస్తుంది, ఆ గదిలో, ఆ పిల్ల చేతుల ముందు కూర్చుంటే.

"ఇది ఏ వయసులో ఆ వయసు వేషం వేస్తుంది" అంది డాక్టరు. "పిల్లలకు ఎందుకు చేస్తున్నారో తెలీదు. చెయ్యకపోతే ఏదో అయిపోతుంది, అంతే. మీకు అది అర్థం లేని పనని తెలుసు, అందుకే దాస్తారు. పెద్దవయసు వాళ్ళ దగ్గరికి వచ్చేసరికే చిక్కు. అప్పటికి ఊరంతా దాన్ని వాళ్ళ మంచి గుణం అనేసుకుని ఉంటుంది. వాళ్ళూ అలాగే అనుకుంటారు."

ఆ తర్వాత మందు చెప్పింది. మాత్రలు కాదు. పిల్ల ఒక్కసారే కడుక్కోవాలి. అది వచ్చి అడిగినప్పుడు మేమెవరం 'శుభ్రమే' అని చెప్పకూడదు.

"కాదు అని చెప్పాలా?"

"అదీ వద్దు. మీ ఊళ్ళో తెలియని విషయానికి ఏమంటారు?"

"దేవుడికే ఎరుక అంటాం."

"అదే అనండి. కానీ నిజంగా అనండి. దాని కళ్ళలోకి చూసి, తెలియదన్నట్టుగా."

తల్లిని పట్టుకుని అలా చెప్పమనడం ఎంత కష్టమో ఆ చిన్నదానికి ఏం తెలుసనుకున్నాను. ఇంటికి వచ్చాక మొదటిసారి అలా చెప్పినప్పుడు యుస్రా నేల మీద పడి ఏడ్చింది. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. మూడో రోజుకు ఏడుపు తగ్గింది. అప్పుడు అమ్మ రంగంలోకి దిగింది.

"తెలియదని చెప్పమందా ఆ డాక్టరమ్మ? శుద్ధి గురించి తెలియదా? సూసా వాళ్ళకు తెలియకపోవచ్చు. సముద్రంలో స్నానం చేసి అలాగే భోజనానికి కూర్చునే జనం" అని, పిల్లను దగ్గరికి పిలిచి, "శుభ్రమే తల్లీ, అమ్మమ్మ చెబుతోంది కదా" అనేసింది.

నా మూడు రోజుల ఏడుపూ కుళాయిలో పోయింది. నేను అరిచాను. తల్లి మీద అరవకూడదని తెలుసు, అయినా అరిచాను. యుస్రా భయపడి, అమ్మమ్మను శాంతింపజేయాలని, వెళ్ళి ఆవిడ చెయ్యి ముద్దు పెట్టుకుంది. అమ్మ మనవరాలి తల నిమిరింది. నిమిరి, లేచి, కుళాయి దగ్గరికి వెళ్ళి ఆ చెయ్యి కడుక్కుంది. ఆవిడకు అది అలవాటు, ఎవరు ముట్టుకున్నా చేస్తుంది. కానీ పిల్ల చూసింది. ఆ నీళ్ళ వైపే చూస్తూ, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. ఆ రోజు నుంచి చేతులు ముందుకు తీయడం మానేసింది. అన్నం కూడా నేనే కలిపి పెట్టాలి.

అప్పుడు నాకు అర్థమైంది. అమ్మ మారకపోతే నా కూతురు బాగుపడదు. అమ్మ డాక్టరు మాట వినదు. ఆవిడ ఎవరి మాటకైనా తలవంచుతుందంటే అది ఒక్క షేక్ అమ్మార్ మాటకే.

షేక్ అమ్మార్ మా పేట మసీదులో పాఠం చెప్పే ముసలాయన. ఆయన తండ్రి దగ్గరే మా అమ్మ చిన్నప్పుడు చదువుకుంది. మధ్యాహ్నం నమాజు తర్వాత ఆయన గోడ నీడన కూర్చుని టీ తాగుతుండగా వెళ్ళాను. ఈయన అమ్మ పక్షమే మాట్లాడతాడని భయంగానే ఉంది.

"అనుమానం వస్తే వజూ పోయినట్టేనా అయ్యగారూ?" అని అడిగాను.

"మన మాలికీల్లో అంతేనమ్మా."

నా ప్రాణం ఉసూరుమంది. లేచి వచ్చేద్దామనుకున్నాను.

"కూర్చో. సగం విని లేచిపోతే ఎలా? కొసకంటా విను. ఆ అనుమానం ఎప్పుడో ఒకప్పుడు వచ్చే మనిషి సంగతి అది. రోజూ వచ్చే మనిషి ఉంటాడు చూశావూ, రోజుకు ఒక్కసారి వచ్చినా సరే, ఆ మనిషికి అనుమానం చెల్లదు. కడిగానా లేదా అనిపిస్తే కడిగినట్టే. మళ్ళీ కడగడానికి వీల్లేదు."

"నిజంగానే కడగకపోయి ఉంటే?"

"అయినా కడిగినట్టే. దాన్ని పట్టించుకోకపోవడమే ఆ మనిషికి మందు, ధర్మం కూడాను. నిన్నో మొన్నో చెప్పిన మాట కాదు, మన పెద్దలు ఎప్పుడో చెప్పి పెట్టారు." ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "మీ అమ్మ చురుకైన పిల్లని మా నాన్న చెప్పేవాడు. పాఠం సగంలో ఉండగా పెళ్ళి చేసి తీసుకుపోయారు. మొదటి సగమే పట్టుకుపోయినట్టుంది పాపం. ఆపైన దేవుడికే ఎరుక."

చిన్న డాక్టరమ్మా, ముసలి షేకూ ఒకరినొకరు ఎన్నడూ చూసి ఉండరు. ఇద్దరూ ఒకే మాట చెప్పారు. నేను నవ్వుకుంటూనే ఇంటికి నడిచాను.

ఆయన ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చి అమ్మకు ఆ మాట చెప్పాడు. అమ్మ ముసుగు సర్దుకుని, తల వంచి అంతా విన్నది.

"ధర్మం అదైతే సరే" అంది. "పిల్లకు అలాగే చెబుతాను."

"పిల్లకేనా, మన్నూబియా?" అన్నాడు షేక్.

"నాకు జబ్బేమీ లేదు" అంది అమ్మ. ఆయన చెప్పులు తొడుక్కున్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో ఎంతసేపు వాదిస్తాడు పెద్దాయన?

జూలై ఎండలు ముదిరాక మా డాబా మీద కుస్కుస్ పని మొదలైంది. తెల్లటి దుప్పట్లు పరిచాం. చెక్క తొట్లలో రవ్వ పోసి, ఉప్పునీళ్ళు చిలకరించి, అరచేతులతో గుండ్రంగా తిప్పుతూ గింజ కట్టాలి. ఆ పని జల్లెడకు రాదు, గరిటెకు రాదు, అరచేతికే వస్తుంది. శాద్లియా ఉంది, ఆమె కోడలు ఉంది, నేనున్నాను. అమ్మ మధ్యలో పీట మీద కూర్చుంది. ఏటా యుస్రా అమ్మమ్మ పక్కనే కూర్చుని, తన వాటా రవ్వ తిప్పేది. ఈసారి మెట్ల దగ్గర గోడకు ఆనుకుని నిలబడింది, చేతులు వెనక్కి పెట్టుకుని.

"రావే" అంది అమ్మ. "షేక్ గారు చెప్పారుగా. ఒక్కసారి కడుక్కో, వచ్చి కూర్చో."

యుస్రా కదల్లేదు. "నేను తిప్పింది నువ్వు తింటావా?"

"తింటాను."

"తిని, నీకు ఏమైనా అయితే?"

అమ్మ నా వైపు చూసింది. ఏం కాదు అనే మాట ఆవిడ నోటి చివరిదాకా వచ్చి ఆగడం నేను చూశాను.

"ఇంతకీ తిన్నాక చేతులు కడుక్కుంటావా?" అంది యుస్రా. "నేను ముట్టుకున్నందుకు?"

"నీ వల్ల కాదే. నాకు అనుమానం, అంతే."

"ఆ అనుమానం నీకు రోజూ వస్తుందా అమ్మమ్మా?"

శాద్లియా చేతులు తొట్టిలో ఆగిపోయాయి. నావీ ఆగిపోయాయి. మా అమ్మ జన్మలో అబద్ధం ఆడలేదు. పొరుగింటికి అరువిచ్చిన కప్పు పంచదార మళ్ళీ వచ్చిందో లేదో గుర్తులేక, అడిగితే తప్పు మాట దొర్లుతుందేమోనని, అడగకుండానే వదిలేసే మనిషి. ఆ నిజాయితీ కూడా ఆ గుసగుస ఇచ్చిందేనేమో, నాకు తెలియదు. ఆ రోజు మాత్రం అదే మాకు పనికొచ్చింది.

"వస్తుంది" అంది అమ్మ.

"రోజూనా?"

"రోజూనే."

"మరి షేక్ తాత చెల్లదన్నారు కదా."

"ఇదిగో, పిల్ల తీర్పులు చెప్పేస్తోంది. రేపట్నుంచి మసీదులో కూర్చోబెడదాం" అంది శాద్లియా.

"నువ్వు కాసేపు నోరు మూసుకో శాద్లియా. నీ నోటి వల్ల వచ్చింది ఇదంతా" అంది అమ్మ.

శాద్లియా ముఖం పాలిపోయింది. గుమ్మంలో అన్న ఆ మాట పిల్ల విన్న సంగతి నేను అమ్మకు చెప్పాను గాని, ఆమెకు చెప్పలేదు. ఆమె తలవంచుకుని రవ్వ తిప్పుకుంది. ఆ పూటంతా ఇంకో మాట మాట్లాడలేదు. మా వీధి చరిత్రలో అదొక వింత.

అమ్మ మోకాళ్ళ మీద చేతులు వేసి లేచింది. మెట్ల దగ్గరికి వెళ్ళి, "రా. ఇద్దరం ఒక్కసారే కడుక్కుందాం. నువ్వు నన్ను చూడు, నేను నిన్ను చూస్తాను" అంది.

డాబా మీది కుళాయి దగ్గర ఇద్దరూ వంగారు. నేను అటు చూడకుండా ఉండలేకపోయాను. పిల్ల ముందే అయిపోయి, చేతుల నుంచి నీళ్ళు కారుతుండగా నిలబడింది. అమ్మ చేతులు ఇంకా నీళ్ళ కింద ఉన్నాయి. యుస్రా చూస్తోంది. అమ్మ కుళాయి కట్టేసింది. ఆ నాబు మీద ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి. ఆ ఆగడం నాకు బాగా తెలుసు. తర్వాత ఆ వేళ్ళు వదిలాయి.

యుస్రా తిప్పిన గింజలు ఉసిరికాయలంత వచ్చాయి. భయంతో గట్టిగా నలిపేసింది మరి. అయినా ఆ మొదటి విడత ఆవిరి పెట్టి, వెన్నా పంచదారా కలిపి, పనిచేసినవాళ్ళంతా చుట్టూ కూర్చున్నాం. మొదటి విడత అక్కడికక్కడే తినడం మా ఆనవాయితీ. అమ్మ ఏటా తన గిన్నె వేరుగా పెట్టుకుంటుంది, తానే కడుక్కున్న గిన్నె. ఆ రోజు గిన్నె తెచ్చుకోలేదు. అందరి పళ్ళెంలోకే చెయ్యి చాపి, యుస్రా వైపున్న ఉండల్లోంచి ఒక ముద్ద తీసింది.

"అమ్మమ్మా, శుభ్రమేనా?" అంది యుస్రా.

అమ్మ ముద్ద చేతిలో పట్టుకుని దాని ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"దేవుడికే ఎరుక" అంది. అని, నోట్లో పెట్టుకుంది.

ఊళ్ళో మేమంతా పొద్దస్తమానం వాడే మాట అది. వాన వస్తుందా అంటే అదే, బస్సు వస్తుందా అంటే అదే. అంత కష్టపడి అన్నవాళ్ళను మాత్రం నేనెప్పుడూ చూడలేదు. యుస్రా ఏడవలేదు. తనూ ఒక ఉండ తీసుకుని, తన చేత్తోనే, తిన్నది.

ఎండ వాలుతుండగా అజాన్ వినిపించింది. అమ్మ మధ్యాహ్నం చేసిన వజూ ఇంకా నిలిచే ఉంది. మామూలుగా అయితే అప్పటికి అనుమానాలు వచ్చి, కుళాయి దగ్గర కూర్చుని ఉండేది. కుళాయి వైపు వెళ్ళనే వెళ్ళింది. దాని ముందు నిలబడింది. పొడి పిండి అంటిన చేతులు ముసుగు చెంగుకు తుడుచుకుంది. వెనక్కి వచ్చి, చాప పరుచుకుని, నమాజుకు నిలబడింది. నాకు గుర్తున్నంత వరకు వేళకు నమాజు చేసిన మొదటిసారి అదే.

ఆడవాళ్ళు వెళ్ళిపోయాక నేను దుప్పట్ల మీద కుస్కుస్ పలచగా పరుస్తుంటే, అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఆ నమాజు చెల్లకపోతే పాపం నీ మెడకే" అంది.

"నా మెడకే కానీలే."

యుస్రా మెట్ల మీద కూర్చుని, తన ఉండల్లో మిగిలినవి పిచ్చుకలకు వేస్తోంది.

"దాని వయసులో నాకూ మొదలైంది" అంది అమ్మ, అటే చూస్తూ. "తమ్ముడు పోయినప్పుడు. వాడికి నీళ్ళు పట్టించింది నేనే. ఎవరూ ఏమీ అనలేదు. నా చేతి నీళ్ళ వల్లే పోయాడని నేనే అనుకున్నాను. అప్పట్నుంచి ఆ కుళాయి దగ్గరే ఉన్నానే జలీలా. నా పెళ్ళిలో పాటలు పాడుతుంటే నేను కుళాయి దగ్గరే. నీకు జ్వరమొస్తే నేను కుళాయి దగ్గరే. అందరూ మెచ్చుకున్నారు. చాలు అని ఒక్కరూ అనలేదు."

అమ్మకు ఒక తమ్ముడు ఉండేవాడని నాకు తెలుసు. మిగతాది తెలియదు. ఆవిడ పగిలిన చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకుంటుందనుకున్నాను. విడిపించుకోలేదు.

ఒక్కరోజుతో అన్నీ చక్కబడ్డాయని చెప్పను. చీకటి పడే వేళకు నేను వంటింట్లో పొయ్యి ఆపి, ఫోన్ తీసి ఫోటో తీసుకున్నాను. గుమ్మంలో యుస్రా నిలబడి చూస్తోంది.

"డాక్టరాంటీకి చెబుతాను" అంది.

"నా వంతు వచ్చే వారం. ముందు నీది కానీ" అన్నాను.

అంతలో ముంగిట్లోంచి నీళ్ళ చప్పుడు వినిపించింది. సూర్యాస్తమయం నమాజుకు అమ్మ వజూ మొదలుపెట్టింది. మేమిద్దరం విన్నాం. నీళ్ళు ఆగాయి. మళ్ళీ మొదలయ్యాయి. మళ్ళీ ఆగి, మళ్ళీ మొదలయ్యాయి. మధ్యాహ్నం పడ్డ కష్టమంతా అక్కడే కరిగిపోతున్నట్టు నాకు దిగులేసింది. వెళ్ళి ఏమైనా అందామని అడుగు వేశాను. ఏమనాలో తెలియలేదు. ఇన్నేళ్ళుగా తెలియలేదు.

యుస్రా నన్ను దాటుకుని ముంగిట్లోకి వెళ్ళింది. అమ్మమ్మ వెనక నిలబడి, ముట్టుకోవడానికి కాసేపు తటపటాయించి, తర్వాత ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

"అమ్మమ్మా" అంది. "చాలు."

నీళ్ళు ఇంకొంచెంసేపు పడుతూనే ఉన్నాయి. తర్వాత అమ్మ కుళాయి కట్టేసి, ఆ తడి చేతులతోనే మనవరాలి చెయ్యి పట్టుకుని లేచింది.